పక్క చక్రానికి ముప్పై పాళ్లు

రెండవ ప్రపంచ యుద్ధకాలపు జర్మన్ సైనిక మోటార్‌సైకిళ్ల ఫోటోలలో ముందుగా కంటబడేవి సైడ్‌కార్ (మోటార్‌సైకిల్ పక్కన బిగించే ఒంటి చక్రపు తొట్టి), దానికి బిగించిన మెషిన్‌గన్. నాకు మాత్రం ఆ బండ్లలో అన్నిటికన్నా ముచ్చటగొలిపేది వెనుక చక్రం నుంచి సైడ్‌కార్ చక్రానికి అడ్డంగా సాగే ఇరుసు.

మొదటి ప్రపంచ యుద్ధంలోనే బ్రిటిష్ సైన్యం విక్కర్స్ మెషిన్‌గన్‌ను సైడ్‌కార్‌లో మోసుకెళ్లింది. ఆ బండ్లలో ఇంజను శక్తి వెనుక చక్రానికి మాత్రమే అందేది కనుక, బురదలో ఆ ఒక్క చక్రం జారితే బండి కదిలేది కాదు. 1930ల చివరికి బెల్జియంలో ఎఫ్‌ఎన్, బ్రిటన్‌లో నార్టన్ సంస్థలు సైడ్‌కార్ చక్రానికి కూడా శక్తినిచ్చాయి. ఆ వెనుకే జర్మనీలో జుందాప్ కేఎస్ 750, బీఎండబ్ల్యూ ఆర్ 75 వచ్చాయి. ఈ రెండు జర్మన్ బండ్లకూ 750 సీసీకి అటూఇటూగా ఉన్న, 26 హార్స్‌పవర్ ఇంజన్లు, రివర్స్ గేరు ఉండేవి.

రెండు చక్రాలకూ శక్తి ఇవ్వాలనుకోగానే, ఎవరికెంత అన్న ప్రశ్న వస్తుంది. ఇంజను బలాన్ని రెండు చక్రాలకూ పంచుతూ, వాటిని వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరికే డిఫరెన్షియల్. అది రెండు వైపులా సమానంగా పంచుతుందని మన తరగతి గదుల్లో చెప్పి వదిలేస్తారు. కారుకు అది సరిపోతుంది గానీ, ఇంజను, నడిపేవాడు, వెనుక కూర్చున్నవాడు అంతా ఎడమవైపే ఉండే ఈ బండికి సరిపోదు. కావడి మోసేవాడు ఒక కుండ బరువెక్కువైతే బద్ద నడిమిని వదిలి, భుజాన్ని ఆ కుండ వైపు జరుపుకుంటాడు. ఇక్కడ కూడా బరువు కేంద్రం మోటార్‌సైకిల్ వైపు జరిగి ఉంటుంది కాబట్టి, బండిని ముందుకు తోసే బలం సరిగ్గా దాని గుండా పోవాలి. చక్రాల మధ్య దూరం ఒక మీటరు, బరువు కేంద్రం వెనుక చక్రం నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయనుకుందాం. వెనుక చక్రమొక్కటే తోస్తే బండి కుడివైపు, అంటే సైడ్‌కార్ వైపు తిరగబోతుంది. చెరిసగం తోస్తే తోపుడు మధ్యగా పడి ఎడమకు తిరగబోతుంది. వెనుక చక్రానికి 70, పక్క చక్రానికి 30 పాళ్లు ఇస్తే మొత్తం బలం బరువు కేంద్రం మీదుగానే పోయి, బండి నేరుగా సాగుతుంది. జుందాప్ పంపకం 70:30 అని చెబుతారు.

ఇటువంటి అసమాన పంపకానికి ప్లానెటరీ గేర్లు ఒక మార్గం: మధ్య గేరును, బయటి పళ్ల వలయాన్ని, వాటి నడుమ తిరిగే చిన్న గేర్లు ఒకే బలంతో తోసినా, వలయం వ్యాసార్థం పెద్దది గనుక దానికి టార్క్ (తిప్పే బలం) ఎక్కువ అందుతుంది, పళ్ల సంఖ్యలు 7:3 నిష్పత్తిలో ఉంటే టార్క్ కూడా అదే నిష్పత్తిలో పంచబడుతుంది, మలుపులో చక్రాలు వేర్వేరు వేగాలతో తిరిగే స్వేచ్ఛా మిగులుతుంది. అయితే సైడ్‌కార్‌లోని గన్నర్ దిగిపోగానే బరువు కేంద్రం జరుగుతుంది, గేరు పళ్లు మాత్రం మారవు. పైగా పక్క చక్రం బురదలో ఊరికే తిరిగితే దాని పట్టు ఎంతో, వెనుక చక్రానికి అంతకు 7/3 రెట్లే అందుతుంది కాబట్టి, రెండు ఇరుసులనూ కలిపి బిగించే లాక్ కూడా పెట్టారు. నార్టన్‌లోనైతే డిఫరెన్షియలే లేదు. గట్టి రోడ్డు మీద పక్క చక్రాన్ని విడదీయకపోతే బండి మలుపు తిరగడానికి మొరాయించేది.

ఇంత పనితనానికి ఖర్చూ అంతే అయింది. సైడ్‌కార్‌తో కలిపి నాలుగు క్వింటాళ్లు దాటే ఆర్ 75 కన్నా, నలుగురిని మోసే చిన్న మిలిటరీ కార్లు సైన్యాలకు లాభసాటి అయ్యాయి; జీపు వచ్చాక బ్రిటిష్ సైన్యంలో నార్టన్ అవసరమూ తగ్గింది. పాత బీఎండబ్ల్యూ ఆర్ 71 నమూనాతో 1941 నుంచి సోవియట్ యూనియన్ తయారు చేసిన ఎం-72లో పక్క చక్రానికి శక్తే లేదు, అందుకే దాన్ని తయారు చేయడం తేలికైంది. దాని వంశంలోని ఉరల్ బండ్లలో తరువాతి కాలపు కొన్నిటికి పక్క చక్రపు శక్తిని ఒక లివర్‌తో కలుపుకోవచ్చు గానీ డిఫరెన్షియల్ లేదు. ఇసుక, మంచు దాటి గట్టి రోడ్డు ఎక్కగానే నడిపేవారే దాన్ని విడదీయాలి.