ఆవ ఘాటు, వెండి బొమ్మ

మే నెలలో మా చెన్నై వెస్ట్ మాంబళంలో అర్ధరాత్రి కూడా జెలటిన్ గడ్డకట్టదు. నాలుగు కాగితాలు పాడయ్యాక గానీ ఈ సంగతి నా బుర్రకెక్కలేదు.

కాగితం మీద ఫొటో ముద్రించడానికి నేను పూసే లిక్విడ్ ఎమల్షన్ అంటే జెలటిన్‌లో కలిసివున్న వెండి లవణాల స్ఫటికాలు. ఫ్రిజ్‌లో ముద్దలా ఉంటుంది. సీసాను 40 డిగ్రీల నీళ్లలో పెడితే కరుగుతుంది. ఎర్ర బల్బు కింద దాన్ని మందపాటి డ్రాయింగ్ పేపర్ మీద బ్రష్షుతో ఓసారి అడ్డంగా, ఓసారి నిలువుగా పూస్తాను. ఈ స్ఫటికాలు నీలి వెలుగుకు స్పందిస్తాయి, ఎరుపును పట్టించుకోవు. ఆరాక నెగటివ్ నీడను దాని మీద పడనిచ్చి, డెవలపర్ అనే రసాయనంలో ముంచితే బొమ్మ. అంచుల్లో బ్రష్షు గీతలు మిగిలిపోతాయి. నాకు అవే ఇష్టం.

చిక్కంతా జెలటిన్‌తోనే. పశువుల ఎముకలు, తోళ్ల నుంచి తీసే ఈ ప్రోటీన్ పోగులు చల్లబడితే మెలిపడి వల కడతాయి. 30 డిగ్రీలు దాటితే ఆ వల వదులైపోతుంది. పూత కిందికి జారుతుంది. ఎలాగో ఆరినా, వెచ్చటి డెవలపర్‌లో మీగడలా లేచిపోతుంది. అందుకే ట్రేల చుట్టూ ఐసు పెడతాను. డెవలపర్‌కీ, బొమ్మను నిలిపే హైపో ద్రావణానికీ మధ్య కాసేపు పటిక నీళ్లు. మంగలి షాపులో ఉండే పటికే, దానిలోని అల్యూమినియం జెలటిన్ పోగులను ముడేస్తుంది. హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ఫ్యాక్టరీని ఊటీ చలిలో ఎందుకు పెట్టారో అప్పుడు తెలిసొచ్చింది.

ఇంత సతాయించే జిగురును 1871లో ఫొటోలకు తెచ్చింది మాడాక్స్ అనే ఇంగ్లిష్ డాక్టరు. అంతకుముందు పూతకు వాడే కొలోడియన్ అనే జిగట ద్రావణంలోని ఈథర్ ఆవిరి ఆయన ఒంటికి పడలేదు. తర్వాత ఒక వింత బయటపడింది. ఒక బ్యాచ్ జెలటిన్‌తో చేసిన ఎమల్షన్ కొద్ది వెలుగుకే స్పందిస్తే, మరో బ్యాచ్‌ది మొద్దులా ఉండేది. 1925లో కొడాక్ ఫిల్మ్ కంపెనీలో షెపర్డ్ అనే శాస్త్రవేత్త కారణం పట్టుకున్నాడు. పశువులు మేసిన ఆవ జాతి మొక్కలు! ఆవపిండి తడిస్తే ముక్కుకు తగిలే ఆ ఘాటు, అలైల్ ఐసోథయోసైనేట్, అతిసూక్ష్మంగా జెలటిన్‌లో చేరేది. దానిలోని గంధకం స్ఫటికం మీద సిల్వర్ సల్ఫైడ్ చుక్కలు పెట్టేది. వెలుగు విడిపించిన ఎలక్ట్రాన్లు అక్కడ చిక్కుకుని, వెండి పరమాణువులు పోగయ్యేవి. దాదాపు నాలుగు చేరితే చాలు, డెవలపర్ ఆ స్ఫటికాన్నంతా నల్లటి వెండిగా మార్చేస్తుంది.

ఇప్పుడు జెలటిన్‌ను శుద్ధి చేసి, గంధకాన్ని విడిగా కొలిచి కలుపుతారు.

మొన్న అత్తయ్య ఆవకాయకు పిండి దంపుతూ, ఫ్రిజ్‌లో ఎముకల జిగురు సీసా తీసెయ్యమంది.

"ఒకప్పుడు దీన్లోనూ ఆవ ఘాటు ఉండేది అత్తయ్యా" అన్నాను.

"ఇప్పుడు లేదుగా? తియ్యి మరి."