కీలో కుదరకపోతే కొత్త జాతేనా? మేఫ్లై లార్వాల మీద అపోహలు, వాస్తవాలు

మొన్న ఆదివారం మళ్లీ అదే ఫోను. ఒంగోలు వైపు నుంచి, పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి. భైరవకోన దగ్గర వాగులో రాయి తిరగేస్తే దొరికిన మేఫ్లై (పిల్లగా నీళ్లలో పెరిగి, రెక్కలొచ్చాక బయటికొచ్చే పురుగు) లార్వా ఫొటోలు పదిహేను పంపించి, "సార్, ఏ కీలోనూ కుదరడం లేదు, కొత్త జాతే కదా?" అంది. (కీ అంటే గుర్తులు ఒక్కొక్కటే సరిచూసుకుంటూ పురుగు పేరు తేల్చుకునే పట్టిక.) నేను జవాబు చెప్పేలోపే ఇంకో మాట, "ఎవరన్నా ముందే పేరు పెట్టి అచ్చు వేసేస్తారేమోనని రెండు రోజులుగా నిద్ర పట్టట్లేదు సార్" అని.

నేను నెల్లూరులో డిగ్రీ పిల్లలకి జువాలజీ చెప్తాను, సెలవు దొరికితే వెలిగొండ వాగుల్లో రాళ్లు తిరగేస్తాను. ఇలాంటి ఫోన్లు ఎన్నొచ్చాయో లెక్కలేదు. ఒక్కొక్కరికీ చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది, అందుకే ఒకేసారి రాసేస్తున్నా.

అపోహ: కీలో కుదరలేదంటే అది కొత్త జాతే.

కాదమ్మా, కాదు. పిల్లల టైమునీ డబ్బునీ ధైర్యాన్నీ అన్నిటికంటే ఎక్కువ తినేసేది ఈ ఒక్క నమ్మకమే. కీ రాసినాయన అప్పటికి తన దగ్గరున్న జాతుల్ని విడదీయడానికి రాసుకున్నాడు, ఆయన చూడనిది అందులో ఉండదు. ఎక్కడో థాయ్‌లాండ్ లార్వాలకి రాసిన కీ ముందు పెట్టుకుని మన కోన పురుగు కుదరలేదంటే అందులో వింతేముంది?

అసలు చిక్కు వేరే ఉంది. మన దేశపు మేఫ్లైలలో పాతకాలం పేర్లు చాలా వరకు రెక్కల పురుగుల మీద పెట్టినవి. దీపం దగ్గర వాలినవాటిని పట్టుకుని, రెక్కల ఈనెలు, మగదాని జననాంగాలు చూసి వర్ణించారు. వాటిలో చాలావాటి లార్వా ఎలా ఉంటుందో ఎవరూ రాయలేదు. అంటే మీ ట్రేలో ఈదుతున్న "కొత్త" లార్వా, ఎప్పుడో పేరు పెట్టించుకున్న పురుగు పిల్లే కావచ్చు. పేరున్న బిడ్డకి మనం మళ్లీ బారసాల చేసినట్టు. తర్వాత ఎవరో రెండూ ఒకటేనని తేలుస్తారు, పాత పేరు నిలబడుతుంది, మీరు పెట్టిన పేరు సినానిమ్ (ఒకే జాతికి పడిన అదనపు పేరు) జాబితాలో మిగులుతుంది.

ఇది విని కొందరు రెండో కొసకి పోతారు. లార్వా మీద కొత్త జాతి వర్ణించడానికే వీల్లేదట, పెద్దది లేకపోతే చెల్లదట అని. ఆ 'అట' ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదు. జంతునామకరణ కోడ్‌లో అలాంటి నిషేధం లేదు. లార్వానే హోలోటైప్‌గా, అంటే ఆ పేరుకి ఆధారంగా నిలిచే ఒకే ఒక్క నమూనాగా పెట్టొచ్చు. బీటిడే అనే మేఫ్లై కుటుంబంలో లార్వా తప్ప ఇంకేమీ తెలియని జాతులు బోలెడున్నాయి. కోడ్ అడిగేది వేరు: 1999 తర్వాత వచ్చిన పేరైతే కొత్తదని స్పష్టంగా చెప్పాలి, హోలోటైప్ ఏదో చూపించాలి, అది ఏ మ్యూజియంలో ఉంటుందో రాయాలి, మిగతావాటి నుంచి దేంతో వేరో చెప్పాలి. ఈ చివరిదాని దగ్గరే అందరూ బోల్తా పడేది.

నేనూ పడ్డాను. చాలా ఏళ్ల క్రితం పెంచలకోన పైన, ఫారెస్టు వాళ్ల పర్మిషన్ తీసుకుని, మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి పట్టిన లార్వా. మాండిబుల్ (దవడ) కొస పళ్లు దాదాపు లేవు, నున్నగా మొద్దుబారి ఉన్నాయి. ఏ పేపర్లోనూ అలాంటిది లేదు. నా ఆనందం చూడాలి మీరు! ఆరు నెలలు బొమ్మలు గీశాను, పేరు కూడా అనుకున్నాను. ఈ రంగంలో తలపండిన ఒకాయనకి స్లైడ్లు పంపితే రెండే ముక్కల్లో జవాబొచ్చింది: "పళ్లు లేకపోవడం కాదు, అరిగిపోయాయి. కుబుసం విడవబోయేదాన్ని పట్టావు." రాళ్ల మీది పాచి గీరుకుని తినే పురుగు కదా, గీరి గీరి పళ్లు అరుగుతాయి, కుబుసం విడిచాక మళ్లీ పదునైనవి వస్తాయి. ఒకే ఒక్క లార్వా చూసి ఆరు నెలలు పోగొట్టుకున్నాను. అప్పట్నుంచి పది పన్నెండు లార్వాలైనా, చిన్నవీ పెద్దవీ కలిపి చూడకుండా కాగితం ముట్టుకోను.

రంగు మీద, సైజు మీద జాతి తేల్చేవాళ్లకీ ఇదే మాట. కుబుసం విడిచిన వెంటనే అన్నీ తెల్లగానే ఉంటాయి. ఆల్కహాల్‌లో రెండేళ్లుంటే అన్నీ వెలిసిపోతాయి.

మరేం చేయాలి? పెంచాలి. రెక్కల తొడుగులు నల్లబడిన లార్వా అంటే రేపో ఎల్లుండో రెక్కలొచ్చేది. దాన్ని నెల్లూరు తెచ్చి పెంచుదామని ఎండలో బయల్దేరితే రాపూరు దాటేలోపే చస్తుంది, నీళ్లు వేడెక్కి ఆక్సిజన్ పడిపోతుంది. నేను చేసే పని చాలా నాటు పని. ప్లాస్టిక్ సీసాకి పక్కల కిటికీలు కోసి, దోమతెర కట్టి, లోపల చిన్న రాయి వేసి, సగం మునిగేలా వాగులోనే కట్టేస్తాను. బయటికొచ్చేది ముందు సబ్‌ఇమాగో, అంటే రెక్కలొచ్చినా ఇంకా పూర్తిగా ఎదగని దశ, రెక్కలు పొగచూరినట్టుంటాయి. తొందరపడి ఆల్కహాల్‌లో వేయొద్దు, ఇంకోసారి కుబుసం విడవాలి. రెక్కలొచ్చాక కూడా కుబుసం విడిచే పురుగులు ఇవి మాత్రమే. ఆ విడిచాకే మగదాని గుర్తులు తేటగా కనిపిస్తాయి. ఇప్పుడు పెద్ద పురుగునీ, సీసాలో మిగిలిన దాని లార్వా కుబుసాన్నీ ఒకే వయల్‌లో పెట్టాలి. ఈ జత కుదిరిందా, సగం గొడవ తీరినట్టే. ఇంకో మాట, మనకి వానలు అక్టోబరు, నవంబరులో గదా, పడమటి కనుమల పేపర్లు చదివి జూలైలో వెళ్తే మన వాగుల్లో ఇసుకే ఉంటుంది.

పెంచడం కుదరకపోతే లార్వా డీఎన్‌ఏ, దీపం దగ్గర పట్టిన పెద్ద పురుగు డీఎన్‌ఏ కలుస్తాయేమో చూడొచ్చు. దానికి ఫార్మలిన్ పనికిరాదు, 95 శాతం ఆల్కహాల్ కావాలి, అదీ మర్నాడు మార్చాలి, పురుగులోని నీళ్లు దాన్ని పలచన చేస్తాయి. వయల్ అంచుదాకా నింపండి. లోపల గాలి బుడగ ఉందంటే బస్సు కుదుపులకి నెల్లూరు చేరేసరికి మొప్పలొక చోట, కాళ్లొక చోట. మొప్పలు ఊడిన లార్వాతో ఎవరూ ఏమీ చేయలేరు. లేబుల్ పెన్సిల్‌తో రాసి లోపలే వేయండి. బాల్ పెన్నుతో రాసిన లేబుల్ నా దగ్గర ఒకటుంది, తెల్ల కాగితం!

ఇక మిగతావి గబగబా.

డీఎన్‌ఏలో రెండు శాతం తేడా ఉంటే కొత్త జాతేనట. ఆ అంకె ఏ దేవుడూ రాసిపెట్టలేదు. ఒక కుటుంబంలో పనికొచ్చింది ఇంకోదాంట్లో పనికిరాదు. పోల్చడానికి తీసుకున్న సీక్వెన్సుకి ఎవరో తప్పు పేరు తగిలించి ఉండొచ్చు కూడా.

ముందు దినపత్రికలో వార్త వేయిస్తే పేరు మనదైపోతుందట. ఇది వింటే నాకు ఒళ్లు మండుతుంది. వర్ణన లేకుండా జిల్లా ఎడిషన్‌లో వచ్చిన పేరుకి విలువ లేదు. థీసిస్‌లో రాసుకున్నదీ మామూలుగా ప్రచురణ కిందికి రాదు. ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చే జర్నల్ అయితే జూబ్యాంక్‌లో, అంటే జంతువుల పేర్ల ఆన్‌లైన్ రిజిస్టర్‌లో, నమోదు కావాలి, ఆ సంగతి పేపర్‌లో కనిపించాలి. డబ్బు కట్టించుకుని వారంలో వేసే జర్నళ్లు ఈ మాటే ఎత్తవు. నిద్ర పట్టనివాళ్లు కంగారుపడాల్సింది ఇక్కడ. ఎవరో ముందు వేస్తారన్నది నిజంగా చాలా అరుదు తల్లీ, మన కొండల్లో మేఫ్లైలు వెతికేవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

టైపులు, అంటే పేరుకి ఆధారమైన నమూనాలు, మన బీరువాలో దాచుకోవచ్చట. కుదరదు. జీవవైవిధ్య చట్టం, 2002 ప్రకారం కొత్త జాతి సంగతి గుర్తింపు పొందిన భాండాగారానికి తెలిపి, నమూనాలు అక్కడ జమ చేయాలి.

వాన పడ్డాక దీపాల దగ్గర చేరేవన్నీ ఉసిళ్లే అంటారు. ఉసిళ్లు రెక్కల చెదలు. మేఫ్లై వాలినప్పుడు రెక్కలు నిటారుగా పైకి నిలబెడుతుంది, తోకకి రెండో మూడో పొడుగాటి పోగులుంటాయి.

ఇంకొకటి. పోయినేడు ఒకావిడ భయపడుతూ వీడియో పంపింది, నీళ్ల తొట్టిలో మూడు తోకల పురుగులున్నాయి, పిల్లాడు ఆ నీళ్లతోనే స్నానం చేశాడు, ఏమన్నా అవుతుందా అని. ఏమీ కాదమ్మా, మేఫ్లై అయితే కుట్టదు, కరవదు. చూస్తే అది మేఫ్లై కూడా కాదు, సన్న తూనీగ పిల్ల. దాని మూడు తోకలు ఆకుల్లా వెడల్పుగా ఉంటాయి, అవే మొప్పలు. మేఫ్లైకి మొప్పలు పొట్ట పక్కల ఉంటాయి, తోకలు దారాల్లా ఉంటాయి. ఈ తేడా పీహెచ్‌డీ వాళ్లు కూడా తప్పుతారు, పేర్లు చెప్పను.

అన్నట్టు భైరవకోన అమ్మాయి లార్వా ఇంకా పసిది, రెక్కల తొడుగులు నల్లబడలేదు. సీసా, దోమతెర పట్టుకుని మళ్లీ వెళ్లమన్నాను. వాగులో నీళ్లున్నాయట.