రవ్వంత గుళిక

చిరంజీవులు సాహితికి, వివేక్‌కు తాతయ్య ఆశీస్సులు.

గొంతునొప్పికి వివేక్ మింగిన అమాక్సిసిలిన్ ఎలా తయారవుతుందని సాహితి అడిగితే ఫోనులో దాటవేశాను. మందుల కర్మాగారంలో నేను ఏళ్ల తరబడి చేసిన పని అదే. రెండు ముక్కల్లో తేలేది కాదు కాబట్టి రాస్తున్నాను.

బూజు నుంచి వచ్చే పెన్సిలిన్‌కు ఒక తోక ఉంటుంది. దాన్ని కత్తిరించి వేరే తోక అతికిస్తే అమాక్సిసిలిన్. ఒకప్పుడు ఆ కత్తిరింపుకు మైనస్ 40 డిగ్రీల చలి, ఘాటైన ద్రావకాలు, ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్ అనే రసాయనం కావలసి వచ్చేవి. బ్యాక్టీరియాలో దొరికే ఒక ఎంజైమ్, అంటే రసాయన మార్పును వేగిరపరిచే ప్రోటీన్, అదే పనిని గోరువెచ్చని నీళ్లలో చేసిపెడుతుంది. చిక్కల్లా అది నీళ్లలో కరిగిపోవడమే. పాయసంలో వేసిన చక్కెరను మళ్లీ ఏరుకోగలమా? అంత ఖరీదైన సరుకూ ఒక్క వాడకంతో కాలువపాలు.

దారి 1916లోనే కనబడింది. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో నెల్సన్, గ్రిఫిన్ అనే ఇద్దరు చక్కెరను విడగొట్టే ఇన్వర్టేజ్‌ను బొగ్గుకు పట్టించారు. అంటుకున్నాక కూడా అది పనిచేస్తూనే ఉంది! జపాన్‌లో ఇచిరో చిబాటా బృందం ఈ ఉపాయాన్ని అమైనో ఆమ్లాల పరిశ్రమకు ఎక్కించింది మాత్రం 1969లో. ఇంత ఆలస్యం నాకు ఇప్పటికీ వింతే.

మా కర్మాగారంలో ఎంజైమ్‌ను పట్టించింది బొగ్గుకు కాదు, చిన్న గుళికలకు. అవి వేళ్ల మధ్య తడి బొంబాయి రవ్వలా తగిలేవి. లోపలంతా రంధ్రాలే. ఎంజైమ్‌ను ఆ రంధ్రాల గోడలకు అతికిస్తారు. పని అయ్యాక వడగడితే ద్రవం కిందికి, గుళికలు జల్లెడ మీద. కడిగి మళ్లీ వాడుకోవడమే, వందల సార్లు.

రంధ్రం కొలత దగ్గరే ఉంది నేర్పంతా. ఆ ఎంజైమ్ సుమారు ఏడు నానోమీటర్ల పొడవు. నానోమీటరంటే మీటరులో వంద కోట్లో వంతు. రంధ్రం ఇరుకైతే అది గడపే దాటదు. దాటినా చాలదు, పెన్సిలిన్ లోపలికి రావాలి, తెగిన ముక్కలు బయటికి పోవాలి. తెగిన తోక ఆమ్లం. అది లోపలే పేరుకుంటే ఎంజైమ్ మందగిస్తుంది. అందుకే కాస్త కాస్త క్షారం పోస్తూ, నెమ్మదిగా కలుపుతూ ఉండాలి.

ఆ 'నెమ్మదిగా' నాకు ఒక రాత్రి షిఫ్టులో ఎక్కలేదు. వేగం పెంచితే త్వరగా తెములుతుందనుకున్నాను. తెడ్డు దెబ్బలకు గుళికలు నలిగి పిండై జల్లెడ పూడుకుపోయింది. నెలల తరబడి రావలసిన సరుకు తెల్లవారేసరికి బురద. మేనేజరు పల్లెత్తు మాట అనలేదు. కొత్త డబ్బా ధర రాసిన కాగితం నా బల్ల మీద పెట్టి వెళ్లారు.

మీ తాతయ్య