బ్రహ్మగారికి గుళ్ళు తక్కువెందుకంటే

చిరంజీవులు బుజ్జికి, చిన్నికి తాతయ్య ఆశీస్సులు.

బ్రహ్మదేవుడికి గుళ్ళెందుకు లేవని అడిగారు కదా. బొత్తిగా లేకపోలేదర్రా. రాజస్థాన్‌లో పుష్కర్ ఉంది. మన గుంటూరు దగ్గర చేబ్రోలులో కోనేటి నడుమ ఒక గుడి ఉంది, అక్కడ లింగానికి నాలుగు వైపులా బ్రహ్మే. అలంపురంలో చాళుక్యులు కట్టించిన నవబ్రహ్మ ఆలయాలున్నాయి. తీరా చూస్తే అవి శివాలయాలు!

శివలింగం పైకొన చూశానని బ్రహ్మ అబద్ధమాడాడనీ, మొగలిపువ్వు చేత దొంగసాక్ష్యం చెప్పించాడనీ, అందుకే పూజలు లేకుండా శివుడు శపించాడనీ కథ. మొగలిపువ్వును శివపూజకి వాడనిది కూడా అందుకేనంటారు. నాకైతే భాగవతంలో ఆయన పుట్టిన కథే ఎక్కువ ఇష్టం.

విష్ణువు బొడ్డులోంచి వచ్చిన తామరపువ్వులో బ్రహ్మ కళ్ళు తెరిచాడు. ఎటు చూసినా నీళ్ళే. ఎవరైనా ఉన్నారేమోనని నాలుగు దిక్కులూ చూస్తే నాలుగు ముఖాలు వచ్చాయి. నేనెవర్ని, ఈ పువ్వు ఎక్కడిది అనుకుంటూ తామరతూడు వెంట కిందికి దిగాడు. ఎంత వెతికినా మొదలు దొరకలేదు. తిరిగొచ్చి పువ్వులోనే కూర్చున్నాడు. ‘తప’ అన్న మాట రెండుసార్లు వినిపించింది, అన్నవాళ్ళు మాత్రం కనిపించలేదు. తపస్సు చేశాకే సృష్టి ఎలా చేయాలో తెలిసింది. లోకాలన్నీ చేయాల్సినవాడికి తన సంగతే తెలియదు, చూశారా!

ఆయన చేతుల్లో కత్తులూ శూలాలూ ఉండవు. జపమాల, కమండలం, వేదం, కొన్ని విగ్రహాల్లో హోమంలో నెయ్యి వేసే స్రువం. జపమాల కాలం లెక్కకనీ, కమండలంలో నీళ్ళు సృష్టికి మూలమనీ పెద్దలు చెబుతారు.

ఆ లెక్క మామూలుది కాదు. బ్రహ్మకి ఒక పగలంటే మనకి 432 కోట్ల ఏళ్ళు, రాత్రీ అంతే. అలాంటి రోజులతో నూరేళ్ళ ఆయుష్షు. అంటే సృష్టికర్తకీ ఎక్స్‌పైరీ డేట్ ఉందన్నమాట! పంతులుగారు సంకల్పంలో ‘ద్వితీయ పరార్ధే, శ్వేతవరాహ కల్పే’ అంటారే, బ్రహ్మకి 50 ఏళ్ళు నిండి 51వ ఏట మొదటి రోజు నడుస్తోందని దానర్థం. గుళ్ళు లేకపోతేనేం, మనింట్లో ఏ వ్రతమైనా మొదలయ్యేది ఆయన వయసు చెప్పుకునే.

తిరుమల బ్రహ్మోత్సవాలు టీవీలో వస్తే స్వామి వాహనం ముందు చూడండి. చిన్న ఖాళీ రథం వెళ్తుంది. బ్రహ్మ కనిపించకుండా దగ్గరుండి ఉత్సవం జరిపిస్తున్నాడని నమ్మకం. రథోత్సవం రోజు మాత్రం దానికోసం వెతక్కండి. ఆ రోజు స్వామి రథం పగ్గాలు పట్టేది ఆయనేనట.

ఇట్లు,
మీ తాతయ్య