గిటారుకు రంగు, రంగు వెనుక రసాయనం

1950ల చివర, 1960లలో అమెరికాలోని ఫెండర్ సంస్థ తన ఎలక్ట్రిక్ గిటార్లకు వేసిన ప్రత్యేక రంగులు చాలావరకు కార్ల కోసం తయారైనవే. ఫియెస్టా రెడ్ ఫోర్డ్ థండర్‌బర్డ్ కారుది. లేక్ ప్లాసిడ్ బ్లూ కాడిలాక్‌ది. డూపాంట్ కంపెనీ రంగు డబ్బాలనే గిటార్లకూ వాడి, కొనేవారి దగ్గర ధరపై 5 శాతం అదనంగా తీసుకునేవారు. కాబట్టి ఇవాళ హైదరాబాదులోనో విజయవాడలోనో ఎవరైనా తమ పాత గిటారు కోసం కార్ల రంగులు కలిపే దుకాణానికి వెళ్తే, వారు చేస్తున్నది ఫెండర్ చేసిన పనే. రంగు ఎంచుకోవడం ఇందులో సులువైన భాగం. ఎంచుకున్న రంగు ఏ పద్ధతిలో ఎండుతుందన్నదాని మీదనే మిగతా పనంతా ఆధారపడి ఉంటుంది.

నైట్రోసెల్యులోజ్ లాకర్, అంటే మన పెయింటర్లు ఎన్‌సీ అనేది, కేవలం ద్రావణి ఆవిరవడం వల్ల ఎండుతుంది. థిన్నర్ గాలిలోకి పోతుంది, పూతగా నిలిచే రెసిన్ మిగులుతుంది, రసాయనికంగా మార్పేమీ జరగదు. అందువల్ల ఎన్నేళ్ల తరువాతైనా థిన్నర్ తగిలితే ఆ పూత మళ్లీ కరుగుతుంది. కొత్తగా వేసిన కోటు కింది కోటును కొంత కరిగించి దానితో కలిసిపోతుంది. హార్డ్‌నర్ కలిపి వేసే పాలీయురెథేన్ తీరు వేరు. హార్డ్‌నర్‌లోని ఐసోసైనేట్ రెసిన్‌తో చర్య జరిపి అణువులను వలలా అల్లుతుంది. అల్లిక పూర్తయ్యాక ఏ థిన్నరూ దాన్ని కరిగించలేదు. పాలియెస్టర్ పూత కూడా ఈ కోవకు చెందినదే.

1960ల చివరి నుంచి కర్మాగారాల్లో తయారైన గిటార్లలో ఎక్కువ భాగానికి ఉన్నది ఇలాంటి గట్టి పూత కనుక, దాన్ని థిన్నర్‌తో తుడిచి తీయాలనుకోవడం వృథా శ్రమ. హీట్ గన్‌తో వేడిచేసి గీకవచ్చు గానీ, విషపు పొగలు వస్తాయి, కర్ర మాడుతుంది, అంచుల్లోని ప్లాస్టిక్ పట్టీ కరుగుతుంది. పాత పూత గట్టిగా అంటుకుని ఉంటే కర్ర దాకా గీకనవసరం లేదని నా అభిప్రాయం. 320 నంబరు గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దితే ఏర్పడే సన్నని గీతలే కొత్త రంగుకు పట్టునిస్తాయి. రుద్దడానికి ముందు తీగలు, నెక్ (గిటారు మెడ), బ్రిడ్జి (తీగలు ఆనే భాగం), పికప్‌లు (తీగల కంపనాన్ని పట్టుకునే అయస్కాంత భాగాలు) విప్పి పక్కన పెట్టాలి; నెక్ కూర్చునే గాడికి టేపు వేయాలి, లేకపోతే అక్కడ పేరుకున్న రంగు వల్ల నెక్ సరిగా కూర్చోదు.

కోస్తా జిల్లాల్లో వానాకాలంలో లాకర్ కొట్టినవారికి తెల్లని మసక అనుభవమే. స్ప్రే చేసిన కొద్ది నిమిషాల్లో నల్లరంగు మీద పాలపొర లాంటిది కమ్ముతుంది. కొత్త కుండలో నీళ్లు చల్లబడే సూత్రమే దీనికీ కారణం: త్వరగా ఆవిరయ్యే ద్రావణి తనతో వేడిని తీసుకుపోవడంతో పూత ఉపరితలం చుట్టూ ఉన్న గాలి మంచుబిందు ఉష్ణోగ్రత (గాలిలోని తేమ నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) కంటే చల్లబడుతుంది, గాలిలోని తేమ దానిమీద నీరుగా చేరుతుంది. ఆ నీరు రెసిన్‌ను ద్రావణం నుంచి విడగొట్టి, పూతలో సూక్ష్మమైన ఖాళీలను మిగుల్చుతుంది. వాటిమీద పడిన వెలుగు చెదిరి తెల్లగా కనిపిస్తుంది. నెమ్మదిగా ఆవిరయ్యే రిటార్డర్ థిన్నర్ కలిపి పొడి రోజున పలుచని కోటు వేస్తే కింది పూత కాస్త కరిగి, తేమ బయటకు పోయి, మసక విడిపోతుంది. మే నెల మధ్యాహ్నం సమస్య తిరగబడుతుంది: తుంపర గిటారును చేరేలోపే సగం ఎండి, ఉపరితలం గరుకుగా తయారవుతుంది. ఆ భయంతో ఒకేసారి మందంగా కొడితే పైన పొర కట్టి, లోపల చిక్కిన ద్రావణి బుడగలుగా పైకి వస్తుంది.

మెటాలిక్ రంగుల మెరుపంతా సన్నని అల్యూమినియం రేకులది. అవి ఏ కోణంలో పరుచుకుంటే వెలుగు ఆ కోణంలో తిరిగి వస్తుంది కాబట్టి, ఒక్కచోట సరిచేసిన మచ్చ పక్కనున్న రంగుతో కలవడం చాలా కష్టం. ఆ కోటును రుద్దకూడదు. దానిపైన వేసిన క్లియర్‌నే, అంటే రంగులేని పారదర్శక పూతనే, రుద్దాలి. చివరి నునుపు కోసం నీళ్లతో రుద్దే 2000 నంబరు వాటర్ పేపర్‌లోని రేణువు దాదాపు 10 మైక్రాన్లు, కంటికి కనిపించే వెలుగు తరంగదైర్ఘ్యం 0.4 నుంచి 0.7 మైక్రాన్లు. ఆ రేణువు గీసే గీతలు వెలుగును చెదరగొట్టేంత పెద్దవి, అందుకే వాటర్ పేపర్ తరువాత కూడా పూత మసకగానే ఉంటుంది. గీతలు మరింత సన్నబడి అద్దంలా మెరవాలంటే రబ్బింగ్ కాంపౌండ్ పట్టించాలి. అంచుల దగ్గర పూత పలుచన, అక్కడ చేయి తేలికగా ఆడాలి. లాకర్‌లోని చివరి ద్రావణి పోవడానికి వారాలు పడుతుంది. వాసన పోకముందే మెరుగుపెడితే పూత తరువాత కుంగి కర్ర చారలు పైకి తేలతాయి.

ఐసోసైనేట్ తుంపర ఉబ్బసం తెప్పించగలదు. ఒకసారి శరీరానికి అది పడకుండా పోయాక కొద్దిపాటి మోతాదు కూడా ప్రమాదమే. గుడ్డ మాస్కు దాన్ని ఆపదు. హార్డ్‌నర్ కలిపిన క్లియర్‌ను ఇంట్లో కొట్టకుండా, స్ప్రే బూత్ (రంగు కొట్టే ప్రత్యేక గది) ఉన్న కార్ల షెడ్డుకు అప్పగించడమే మంచిది. ఎన్‌సీతో వచ్చే ముప్పు నిప్పు. దాని ఆవిరి గాలికంటే బరువైనది కావడంతో నేలవెంట పాకి, పక్కగదిలోని పొయ్యినో దీపాన్నో చేరగలదు.

పూత మారితే ధ్వని మారుతుందన్న వాదన ఒకటుంది. ఎలక్ట్రిక్ గిటారులో పికప్ పట్టుకునేది ఉక్కు తీగల కంపనం వల్ల అయస్కాంత క్షేత్రంలో వచ్చే మార్పును. మిల్లీమీటరులో చిన్న భాగమంత పూత దాన్ని చెవికి తెలిసేంతగా మారుస్తుందని నేను నమ్మను. చెవి కంటే స్టాండు గురించి ఎక్కువ జాగ్రత్త అవసరం: రబ్బరు తొడుగుల్లోని ప్లాస్టిసైజర్ (రబ్బరును మెత్తగా ఉంచే రసాయనం) ఎన్‌సీ పూతలోకి దిగి దాన్ని మెత్తబరుస్తుంది కాబట్టి, ఆ తొడుగులకు నూలుగుడ్డ చుట్టాకే గిటారును వాటిమీద పెట్టాలి.