పాత ఖరీదైన వాచీలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: "కీ ఎక్కువ ఇచ్చేశాను, అందుకే ఆగిపోయింది."

మరమ్మతుకు వచ్చేవాళ్లు ఏదో తప్పు చేసినట్టు గొంతు తగ్గించి చెప్పే మాట ఇది. తప్పు మీది కాదు. స్ప్రింగు పూర్తిగా చుట్టుకోగానే కీ బిగుస్తుంది, అక్కడ ఆపేస్తే చాలు. వాచీ ఆగడానికి కారణం చాలాసార్లు లోపల ఎండి జిగటబారిన నూనె. పాత వాచీల్లో బ్యాలెన్స్ వీల్ (అటూ ఇటూ ఊగుతూ కాలాన్ని కొలిచే చిన్న చక్రం) సాధారణంగా సెకనుకు 5 సార్లు కొట్టుకుంటుంది. అంటే రోజుకు 4,32,000 సార్లు! నూనె లేకుండా అంత పని చేస్తే ఇరుసుల కొనలు అరిగిపోతాయి. "బాగానే నడుస్తోందిగా" అని సర్వీసింగ్ వాయిదా వేయకండి, అరిగేది నడుస్తున్న వాచీయే. ఎప్పుడు సర్వీసింగ్ చేశారో తెలియని వాచీ కొంటే, రోజూ పెట్టుకోవడం మొదలెట్టకముందే విప్పించి శుభ్రం చేయించండి.

అపోహ: పాలిష్ పట్టించి, డయల్‌కు కొత్త రంగు వేయిస్తే విలువ పెరుగుతుంది.

ఈ కోరికతో ఎవరైనా వస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. పాలిష్ పట్టిన ప్రతిసారీ కేస్ (వాచీ బయటి లోహపు తొడుగు) నుంచి కొంత లోహం పోతుంది. పదునైన అంచులు గుండ్రబడతాయి, చెక్కిన అక్షరాలు చెరిగిపోతాయి. పోయినది మళ్లీ రాదు. నటుడు పాల్ న్యూమన్ పెట్టుకున్న రోలెక్స్ డేటోనా 2017లో న్యూయార్క్ వేలంలో కోటీ 77 లక్షల డాలర్లకు పైగా పలికింది. దాని వెనక మూత మీద, జాగ్రత్తగా బండి నడపమని ఆయన భార్య చెక్కించిన మాట ఉంది. తళతళల కోసం దాన్ని ఎవరైనా అరగదీసి ఉంటే? మీ తాతగారి వాచీ మీది గీతలూ అలాంటివే. వాటిని ఉండనివ్వండి.

అపోహ: చీకట్లో అంకెలు మెరవడం లేదంటే, వాటి రంగులో కలిపిన రేడియం అనే రేడియోధార్మిక పదార్థం పోయినట్టే.

కాదు. అలిసిపోయింది దానితో కలిపిన వెలుగునిచ్చే పొడి మాత్రమే. రేడియం సగానికి తగ్గడానికే దాదాపు 1,600 ఏళ్లు పడుతుంది. 1960ల నాటి, అంతకు ముందరి మెరిసే డయల్ ఉన్న వాచీని ఇంట్లో తెరవకండి, గీకకండి. రాలిన పొడి ఊపిరితో లోపలికి పోతే ప్రమాదం.

అపోహ: వెనక "వాటర్‌ప్రూఫ్" అని ఉంది, తడిసినా ఫర్వాలేదు.

ఆ మాట కొత్తప్పటిది. రబ్బరు వాషర్లు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి పగుళ్లిస్తాయి. చేతులు కడిగేటప్పుడు కూడా తీసి పక్కన పెట్టండి.

అపోహ: వాచీ ఉన్నట్టుండి రోజుకు చాలా నిమిషాలు ముందుకు పోతోందంటే మిషను పాడైనట్టే.

ముందు అయస్కాంతాన్ని అనుమానించండి. స్పీకర్లు, అయస్కాంతం ఉన్న ఫోన్ కవర్ల దగ్గర ఉంటే హెయిర్ స్ప్రింగ్ (బ్యాలెన్స్ వీల్‌ను ఊగించే సన్నని స్ప్రింగు) చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. అయస్కాంతం తీసే పరికరంతో అది నిమిషం పని.