సర్వర్ ఎవరి చేతిలో ఉండాలి? డ్రీమ్‌క్యాస్ట్ రోజుల్లోనే మొదలైన తగాదా

ఆన్‌లైన్ ఆటల సర్వర్లను, అంటే ఆటగాళ్లను నెట్‌లో కలిపే కంప్యూటర్లను, కంపెనీలు ఇష్టం వచ్చినప్పుడు మూసేయవచ్చా అన్న గొడవ మళ్లీ రాజుకుంది. 2014లో వచ్చిన కార్ రేసింగ్ ఆట 'ది క్రూ' సర్వర్లను దాన్ని తెచ్చిన కంపెనీ యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న ఆపేసింది. ఒక్కరే కూర్చుని ఆడుకునే భాగం కూడా దాంతోపాటే పోయింది. డబ్బు పెట్టి కొన్న డిస్కు ఇంట్లోనే ఉన్నా ఆట మాత్రం నడవదు. ఆ కోపంతో మొదలైన 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమానికి 2025 జులైలో యూరప్‌లో 10 లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి.

కంపెనీల వాదన తెలిసిందే. యూరప్‌లో వాటి సంఘం ఏమంటోందంటే, ఆటగాళ్లే సర్వర్లు నడిపితే వాళ్ల వివరాలకు రక్షణ ఉండదు, చట్టవిరుద్ధమైన రాతలను తీసేసేవాళ్లుండరు, అసలు కొన్ని ఆటలు ఆన్‌లైన్ లేకుండా నడిచేలా తయారే కాలేదు. ఇందులో కొంత నిజముంది. కానీ 25 ఏళ్ల కిందటి ఒక గేమింగ్ కన్సోల్ చరిత్ర చూస్తే ఈ వాదన ఎంత దూరం నిలబడుతుందో తెలుస్తుంది.

ఆ కన్సోల్ జపాన్ కంపెనీ సెగా తెచ్చిన డ్రీమ్‌క్యాస్ట్. అది ఎందుకు ఓడిపోయిందో అందరూ రాసేశారు. పోటీగా సోనీ ప్లేస్టేషన్ 2 వచ్చింది, సెగా అప్పుల్లో కూరుకుపోయింది, 2001 జనవరి 31న తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఇప్పటి గొడవకు కావలసింది ఆ కథ కాదు, ఫోను లైను మీద దాన్ని నెట్‌కి కలిపిన మోడెమ్ కథ.

1998 నవంబర్ 27న జపాన్‌లో విడుదలైనప్పుడే డ్రీమ్‌క్యాస్ట్‌తో పాటు మోడెమ్ వచ్చింది. ఖర్చు పెరుగుతుందని సొంత కంపెనీలోనే వద్దన్నవాళ్లున్నా, సెగా ఛైర్మన్ ఇసావో ఓకవా పట్టుబట్టి పెట్టించారు. మన దగ్గర వీఎస్‌ఎన్‌ఎల్ డయలప్ కలవడమే గగనమైన కాలమది. అమెరికాకు 56 కేబీపీఎస్ మోడెమ్ వెళ్లింది, జపాన్‌కీ యూరప్‌కీ 33.6తో సరిపెట్టారు. ఆ తర్వాత కీబోర్డు వచ్చింది. కంట్రోలర్ పెట్టే నాలుగు పోర్టుల్లో ఏదో ఒకదానికి దాన్ని తగిలిస్తే చాలు. 2000 సెప్టెంబర్‌లో నెలకు 21.95 డాలర్లతో సెగా సొంత ఇంటర్నెట్ సేవ సెగానెట్ అమెరికాలో మొదలైనప్పుడు, ఎక్కువ కాలానికి ఒప్పందం చేసుకున్నవాళ్లకు కీబోర్డును ఉచితంగా ఇచ్చారు. కన్సోల్ అంటే బొత్తాలు నొక్కడమే కాదు, నలుగురితో మాట్లాడడం కూడా అని సెగా గట్టిగా నమ్మింది.

ఆ నమ్మకం పూర్తిగా కనిపించిన ఆట 'ఫాంటసీ స్టార్ ఆన్‌లైన్'. సెగాలో ఆటలు తయారుచేసే యుజి నాకా బృందం దాన్ని 2000 డిసెంబర్‌లో జపాన్‌లో విడుదల చేసింది. నలుగురు కలిసి గుహల్లోకి వెళ్లి వేటాడాలి. కీబోర్డు లేనివాళ్లు తెరమీద కనిపించే అక్షరాలను కంట్రోలర్‌తో ఒక్కొక్కటే ఏరుకోవాలి. 'నన్ను బతికించండి' అని రాయడం పూర్తయ్యేలోపు పాత్ర చచ్చిపోయేది. కీబోర్డును ఒళ్లో పెట్టుకున్నవాళ్లు టకటకా కొట్టేస్తే ఆ మాట పాత్ర తలమీద బుడగలో కనిపించేది. భాష రానివాళ్లకు ఇంకో దారి ఉండేది. సిద్ధంగా ఉన్న పదాలను ఎంచుకుంటే ఆ వాక్యం జపనీస్, ఇంగ్లిష్, ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్‌లలో ఎవరి భాషలో వాళ్లకు కనిపించేది. అప్పటికి కన్సోల్ మీద అలాంటిది ఎవరూ చూడలేదు.

అయితే ఆ మాటలన్నీ సెగా సర్వర్ గుండానే పోవాలి. డిస్కుతో వచ్చిన సీరియల్ నంబర్, యాక్సెస్ కీ ఇస్తేనే లోపలికి రానిస్తారు. రెండో వెర్షన్‌కి వచ్చేసరికి 'హంటర్స్ లైసెన్స్' పేరుతో ఫీజు కూడా పెట్టారు.

అదే 2000 చివర్లో అదే కన్సోల్‌కి 'క్వేక్ 3 ఎరీనా' అనే తుపాకుల ఆట వచ్చింది. దీనికీ కీబోర్డు, మౌస్ తగిలించుకోవచ్చు. తేడా సర్వర్‌లో ఉంది. సరైన వెర్షన్, మ్యాపులు ఉంటే ఎవరైనా తమ పీసీలోనే సర్వర్ పెట్టుకోవచ్చు. పీసీ వాళ్లూ డ్రీమ్‌క్యాస్ట్ వాళ్లూ ఒకే ఆటలో తలపడేవారు. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. ఒకే యంత్రం మీద, కొద్ది నెలల తేడాలో, రెండు పద్ధతులూ జనం ముందుకొచ్చాయి. పరిశ్రమ సెగా పద్ధతినే పట్టుకుంది, ఎందుకంటే నెలనెలా డబ్బు వచ్చేది అక్కడే.

తర్వాత ఏమైందో చూడండి. సెగానెట్ ఏడాది తిరక్కుండానే మూతపడింది. 2007 నాటికి డ్రీమ్‌క్యాస్ట్‌లో ఫాంటసీ స్టార్ అధికారిక సర్వర్లేవీ మిగల్లేదు. క్వేక్‌కి మాత్రం సెగా ఉన్నా లేకున్నా ఒకటే. సర్వర్లు అభిమానుల ఇళ్లలో నడుస్తూనే వచ్చాయి. 2005లో దాన్ని తయారుచేసిన ఐడీ సాఫ్ట్‌వేర్ ఆ ఆట సోర్స్ కోడ్‌నే, అంటే ప్రోగ్రామ్ అసలు రాతనే, బయటపెట్టేసింది.

ఫాంటసీ స్టార్ ఆటగాళ్లూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. సర్వర్ ఎలా మాట్లాడుతుందో విప్పి చూసి, సొంత సర్వర్లు రాసుకున్నారు. ల్యాండ్‌లైన్లు పోయాక కొత్త చిక్కు వచ్చింది. డయల్ టోన్ వినపడకపోతే డ్రీమ్‌క్యాస్ట్ నంబర్ కలపదు. దానికి 'డ్రీమ్‌పై' అనే ఉపాయం కనిపెట్టారు. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌కి యూఎస్‌బీ మోడెమ్ తగిలిస్తే అది కన్సోల్‌కి రికార్డు చేసిన డయల్ టోన్ వినిపిస్తుంది, ఫోను తనే ఎత్తుతుంది, ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీద నెట్‌లోకి పంపిస్తుంది. కన్సోల్ పాత సెగా చిరునామా అడిగితే అభిమానుల సర్వర్ చిరునామా చేతికిస్తుంది. జీతం తీసుకోని మనుషులు చేసిన పని ఇది. సర్వర్లను ఆటగాళ్లకు వదిలేయడం కుదరదనేవాళ్లు ముందు దీనికి జవాబు చెప్పాలి.

ఇంకో విషయం చాలామంది మర్చిపోతున్నారు. అధికారిక సర్వర్లు పోయిన రోజున కూడా ఫాంటసీ స్టార్ డిస్కు పెడితే ఒంటరిగా ఆడుకునే ఆట నడిచింది, ఇప్పటికీ నడుస్తుంది. 'ది క్రూ' కొన్నవాళ్లకు ఆ మాత్రం కూడా మిగల్లేదు.

చట్టాలు ఇప్పుడిప్పుడే కదులుతున్నాయి. డిజిటల్ ఆట కొంటే చేతికొచ్చేది లైసెన్సు మాత్రమేనని అమ్మేటప్పుడే చెప్పాలని కాలిఫోర్నియా చేసిన చట్టం 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అది హెచ్చరిక మాత్రమే, ఆటను కాపాడదు. యూరప్ ఉద్యమం అంతకంటే ముందుకు వెళ్తోంది. సర్వర్లను కలకాలం నడపమని అడగడం లేదు, ఆపేముందు ఆట ఏదో ఒక రకంగా నడిచే ఏర్పాటు చేసి వెళ్లమంటోంది. అది సాధ్యమేనని యూబీసాఫ్టే ఒప్పుకున్నట్టయింది. గొడవ ముదిరాక, 2024 సెప్టెంబర్‌లో 'ది క్రూ 2', 'మోటార్‌ఫెస్ట్' ఆటలకు ఆఫ్‌లైన్ మోడ్ తెస్తామని ప్రకటించింది. గొడవకు మూలమైన మొదటి 'ది క్రూ' ఆ జాబితాలో లేదు.